పొరుగింటి కేక ముందేల వినబడును?

2025 ఆగస్టు 4, సోమవారము. లండన్ నగరమునందలి ఓవల్ మైదానములో భారత, ఇంగ్లండు జట్ల ఐదవ టెస్టునకు అది ఐదవ దినము. గెలుపునకు ఇంగ్లండుకు కావలసినవి 35 పరుగులు. భారతమునకు కావలసినవి 4 వికెట్లు. ఆ నాలుగింటిలో ఒకటి భుజపు కీలు తప్పి, ఎడమచేయి కట్టుతో ఉన్న క్రిస్ వోక్స్‌ది. అప్పటికి ఇంగ్లండు రెండు టెస్టులు, భారతము ఒకటి గెలిచి, మరొకటి ఎటూ తేలక ముగిసినది. అనగా, ఐదు టెస్టుల సిరీస్ సమమగుటయో, చేజారుటయో ఆ ఒక్క ఉదయమున తేలవలెను. లండన్‌లో ఉదయము 11 గంటలకు ఆట ఆరంభమగునప్పుడు మన గడియారములలో మధ్యాహ్నము మూడున్నర.

ఇటువంటి మధ్యాహ్నములందు ప్రగతి నగర్ వంటి కాలనీలలో ఒక వింత గమనించవచ్చును. కూకట్‌పల్లికి ఆవల, అంబీర్ చెరువు పరిసరములలో పెరిగిన ఈ కాలనీలో హైటెక్ సిటీ కార్యాలయములకు పోయి వచ్చు కుటుంబములు పెక్కు. ఒకదాని ప్రక్క నొకటి అపార్టుమెంట్లు. ఒక ఇంట మిద్దెమీద డిష్ యాంటెన్నాకు కలిపిన టెలివిజను; పై అంతస్తులో సెల్ ఫోను; ఇంటినుండియే ఉద్యోగము చేయు యువకుని బల్లమీద, లాప్‌టాప్ తెర మూలన, పనికి అడ్డురాకుండ చిన్న బొమ్మ. అందరు చూచునది ఒకే బంతి. కాని కేకలు మాత్రము ఒక్కసారి లేవవు. ఫోనులో బౌలరు ఇంకను తన గుర్తువైపు నడచుచుండగనే క్రింది ఇంట కేక లేచును. అర నిమిషమునకు ఫోనులో వికెట్టు పడును. బౌలరు మహమ్మద్ సిరాజ్ అయినచో, అతడు హైదరాబాదువాడు కావున, ఆ కేక మరికొంత పెద్దది.

ఈ తేడాకు దూరము కారణమని చాలమంది తలంతురు. లెక్క వేసి చూచిన ఆ మాట నిలువదు. లండన్‌కు, హైదరాబాదుకు నడుమ దూరము సుమారు 7,700 కిలోమీటర్లు. రేడియో తరంగములు సెకండుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును. తిన్నగా వచ్చినచో వానికి సెకండులో నలువదవ వంతు చాలును. సముద్రగర్భమున పరచిన గాజు తంతులలో కాంతి కొంత మెల్లగా, సెకండుకు సుమారు 2 లక్షల కిలోమీటర్ల చొప్పున, నడచును. దారి చుట్టు తిరిగి 12,000 కిలోమీటర్లు అయినదనుకొన్నను పట్టునది 0.06 సెకండు. అన్నింటికంటె దూరపు దారి కృత్రిమ ఉపగ్రహము మీదుగా వచ్చునది. భూస్థిర కక్ష్య భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్నది. ఎక్కి దిగుటకు సుమారు 0.24 సెకండు. లండన్ నుండి ఇచటికి ఒకసారి, ఇచటి ప్రసార కేంద్రమునుండి ఇంటి డిష్‌కు మరొకసారి ఎక్కి దిగినను అర సెకండు నిండదు. తక్కిన కాలమంతయు ఎక్కడ పోయినది?

ధ్వని విషయము ఇందుకు పూర్తిగా వేరు. గాలిలో ధ్వని సెకండుకు 340 మీటర్లకు అటునిటుగా పోవును. మైదానములోనే 75 మీటర్ల దూరమున కూర్చున్న ప్రేక్షకునికి బ్యాటు చప్పుడు చేరుటకు 0.22 సెకండు కావలెను. వికెట్ల వద్ద నున్న మైకు పట్టిన అదే చప్పుడు రేడియో తరంగములపై నేరుగా హైదరాబాదునకు వచ్చినచో, ఇచటివాడు ఓవల్‌లో కూర్చున్నవానికంటె ముందు వినును! 1971 ఆగస్టు 24న ఇదే ఓవల్‌లో భారతము ఇంగ్లండు గడ్డపై తన మొట్టమొదటి టెస్టు విజయమును సాధించినది. గెలుపునకు వలసిన ఫోరు కొట్టినవాడు హైదరాబాదు ఆటగాడు సయ్యద్ ఆబిద్ అలీ. ఆ కాలమున హ్రస్వ తరంగములు అయనావరణమున తాకి పరావర్తనము చెంది, ఒకటి రెండు గంతులలో ఖండములు దాటి, ట్రాన్సిస్టరులో గరగరమని పలికెడివి. ధ్వని స్పష్టత అంతంతమాత్రము. ఆలస్యము మాత్రము లేదనదగినంత. వ్యాఖ్యాత చూచినదానిని నోట పలుకుటకు పట్టిన కాలమే అందు పెద్ద భాగము.

అంతకు ముందటి కథ మరింత వినోదకరము. 1938లో ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండులో ఆడుచుండగా సిడ్నీలోని రేడియో కేంద్రమువారికి లండన్ నుండి ఒక్కొక్క ఓవరు వివరములు సంకేత పదములతో తంతిపై వచ్చెడివి. స్టూడియోలోని వ్యాఖ్యాతలు ఆ కాగితములు చూచుచు, ఆట తమ కన్నులయెదుట జరుగుచున్నట్లే వర్ణించెడివారు. పెన్సిలుతో కొయ్యముక్కను తట్టిన అదే బ్యాటు చప్పుడు. చప్పట్లకు గ్రామఫోను రికార్డులు. లెన్ హటన్ ఓవల్‌లో 364 పరుగులు చేసినది ఆ సిరీస్‌లోనే. శ్రోతలకు ఈ కిటుకు తెలియును; అయినను రాత్రులు మేల్కొని వినిరి. జరిగిపోయిన ఆటను కొంతసేపు చేతనుంచుకొని, పిమ్మట "ఇప్పుడు" అని చెప్పుట ఆ పద్ధతి. నేటి సెల్ ఫోను చేయుచున్నదియు సారాంశమున అదియే.

ఎట్లనగా, నేటి తెరపై బొమ్మలో 1,920 అడ్డు చుక్కలు, 1,080 నిలువు చుక్కలు. మొత్తము 20 లక్షలకు పైబడి. ప్రతి చుక్క రంగును 24 బిట్లతో వ్రాసి, సెకండుకు 50 బొమ్మలు పంపవలెనన్నచో సెకండుకు సుమారు 250 కోట్ల బిట్లు కావలెను. ఇంత సామగ్రిని సామాన్యమైన ఇంటి కనెక్షను మోయలేదు. కావున దానిని కొన్ని వందల రెట్లు కుదింతురు. కుదించుటలోని ఉపాయము సులభము. పచ్చిక కదలదు, ప్రకటనల పలకలు కదలవు. కదలునది బౌలరు, బంతి, బ్యాటు. మారిన భాగమును మాత్రము పంపి, తక్కినది వెనుకటి బొమ్మనుండి తీసికొమ్మని చెప్పిన చాలును. కొన్ని బొమ్మలను వెనుకటి బొమ్మతోనేగాక తరువాతి బొమ్మతో గూడ పోల్చి కుదింతురు. తరువాతి బొమ్మ వచ్చువరకు ఆగక తప్పదు గదా! ఇది మొదటి ఆలస్యము. టెలివిజనుకు, ఫోనుకు రెంటికిని ఉన్నది.

ఇక్కడినుండి దారులు చీలును. టెలివిజను ప్రసారము వానవంటిది. ఉపగ్రహమునుండి ఒకే సంకేతము దేశమంతట కురియును. చూచువారు వేయిమంది అయినను కోటిమంది అయినను దానికి భేదము లేదు. ఫోను పద్ధతి నల్లా నీటివంటిది. ఎవరికి వారు అడిగి తెచ్చుకొనవలెను. నగరములోని అపార్టుమెంటువారు నల్లా ఎప్పుడు వచ్చునో, ఎంత వచ్చునో నమ్మకము లేక, వచ్చినప్పుడు సంపు నింపి, పై ట్యాంకుకు ఎక్కించి, అక్కడినుండి వాడుకొందురు. ఫోను చేయునది అచ్చముగ ఇదియే. ఆటను రెండు మొదలు ఆరు సెకండ్ల తునకలుగా కోసి, ఒక్కొక్క తునకను పూర్తిగా సిద్ధపరచి, వివిధ నగరములలోని సర్వర్లకు పంపుదురు. ఫోను ఆ తునకలను అడిగి తెచ్చి, సామాన్యముగ మూడింటిని నిల్వచేసికొనిన పిదపనే మొదటిదానిని చూపుట మొదలిడును. తునక ఆరు సెకండ్లదైనచో అక్కడనే పదునెనిమిది సెకండ్లు గడచినవి. అటుపై, నిర్వాహకులు తగని దృశ్యములను ఆపుటకో, ప్రకటనలు చేర్చుటకో మరికొంత ఎడము ఉంచుటయు కలదు. ఓవల్ టెస్టును మన దేశమున టెలివిజనులో సోనీ చానెళ్లు, ఫోనులో జియోహాట్‌స్టార్ చూపినవి. సాధారణముగ డిష్ టెలివిజను మైదానమునకు కొద్ది సెకండ్లు వెనుకబడియుండగా, ఫోను అర నిమిషము వరకు వెనుకబడును.

ఈ నిల్వ లేకున్న ఏమగును? కూకట్‌పల్లి మెట్రో స్టేషను వద్ద సంకేతము ఒక్క క్షణము బలహీనపడిన చాలును. బౌలరు చేయి గాలిలో ఉండగనే బొమ్మ నిలిచిపోయి, తెర నడుమ చక్రము తిరుగుచుండును. తునకలను ఇంకను చిన్నవి చేసి ఆలస్యమును తగ్గించు పద్ధతులు వాడుకలోనికి వచ్చినవి. వానితో సంపు చిన్నదగును, నల్లా ఆగినప్పుడు ఇబ్బంది పెరుగును. ఆలస్యము ఇంజనీర్ల అశ్రద్ధ కాదు, వారు తెలిసి కొనితెచ్చుకొన్నది.

టెస్టు క్రికెట్‌లో ఈ అర నిమిషమునకు ఒక ప్రత్యేకత ఉన్నది. దినమునకు 90 ఓవర్లు, ఆరు గంటల ఆట. అనగా 540 బంతులకు 360 నిమిషములు, బంతికి 40 సెకండ్లు. ఫోను చూచువాడు ఇంచుమించు ఒక బంతి వెనుక నున్నాడు. పొరుగింటి గోడ 50 మీటర్ల దూరమున నున్నను కేక చేరుటకు 0.15 సెకండు చాలును. లోకమంతటిలో అతి మెల్లని దూత అయిన ధ్వని, గాజు తంతులలోని కాంతిని ఓడించుచున్నది!

ఇందువలన పోవునదేమి? ఫలితము ఎట్లును తెలియును గదా అని కొందరందురు. కాని ఆట చూచువాని ఉత్కంఠ ఫలితములో లేదు, ఫలితము తెలియకుండుటలో ఉన్నది. 2003లో ఫియోరిల్లో, టోబ్లర్, షుల్ట్జ్ అను శాస్త్రజ్ఞులు కోతుల మెదడులోని డోపమిన్ కణములను పరిశీలించిరి. ఒక గుర్తు చూపిన పిదప పండ్లరసము తప్పక వచ్చుననిగాని, రానే రాదనిగాని తెలిసినప్పుడు ఆ వేచియుండు కాలమున కణముల చలనము స్వల్పము. వచ్చుటకు, రాకపోవుటకు సమానావకాశము ఉన్నప్పుడు అది క్రమక్రమముగ పెరిగి అత్యధికమైనది. కోతుల సంగతి మనుష్యులకు సాంతముగ అన్వయించుట తొందరపాటే. అయినను ఓవల్ ఉదయము అట్టి సమానావకాశపు వేళయే. మొదటి రెండు బంతులను ఓవర్టన్ ఫోర్లకు పంపెను; కావలసినవి 27 అయినవి. పిమ్మట సిరాజ్ స్మిత్‌ను, ఓవర్టన్‌ను ఔటు చేసెను. ప్రసిద్ధ్ కృష్ణ టంగ్‌ను పడగొట్టెను. ఒంటిచేతితో వోక్స్ వచ్చెను. సిరీస్ మొత్తములో సిరాజ్ 1,113 బంతులు వేసి 23 వికెట్లు తీసెను. సగటున 48 బంతులకు ఒకటి. ఏ బంతి ఆ బంతియో ఎవరికి తెలియదు. ఆ తెలియమినే పొరుగింటి కేక హరించును.

కేక లేకుండుటయు వార్తయే. జులై 14న లార్డ్స్‌లో ఇదే సిరాజ్ ఆపిన బంతి నేలపై మెల్లగా దొర్లిపోయి వికెట్లను తాకగా భారతము 22 పరుగుల తేడాతో ఓడినది. అటువంటి బంతికి క్రింది ఇంటనుండి వచ్చునది నిట్టూర్పు. అది గోడలు దాటి రాదు.

ఉత్కంఠ మనసుతో ఆగదు. మూత్రపిండములపై నున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను వదలును. గుండె వేగము, రక్తపు పోటు పెరుగును. కూర్చున్నవాని దేహము పరుగునకు సిద్ధపడును, పరుగు మాత్రము ఉండదు. 2006లో జర్మనీలో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతపు వైద్యులు లెక్కలు తీసి 2008లో ప్రకటించిరి. జర్మనీ జట్టు ఆడిన దినములలో గుండెకు సంబంధించిన అత్యవసర సంఘటనలు 2.66 రెట్లయినవి, పురుషులలో 3.26, స్త్రీలలో 1.82. ఆట మొదలైన రెండు గంటలలో అవి అత్యధికము. హృద్ధమనుల వ్యాధి ముందే ఉన్నవారికి ప్రమాదము ఎక్కువ. ఐదు దినములు సాగు క్రికెట్‌కు ఈ అంకెలను యథాతథముగ అంటగట్టరాదు. గుండెజబ్బుతో బాధపడు పెద్దలు మందు వేళ తప్పి చివరి ఓవర్లు చూచుట మంచిది కాదనుటకు ఇవి చాలును.

ఈ అర నిమిషముతో ధనము గుంజువారును ఉన్నారు. మైదానములో కూర్చుండి, పడిన వికెట్టును తెరకు చేరకముందే తమవారికి ఫోనులో చేరవేయుదురు. బంతి బంతికి పందెము కట్టు విద్యార్థి రాబోవు బంతిపై కట్టితిననుకొనును. నిజమునకు అవతలివానికి ఫలితము తెలిసిన బంతిపై కట్టినాడు. ఇది అదృష్ట పరీక్షయు కాదు. తెలంగాణ ప్రభుత్వము ఆన్‌లైన్ జూదమును 2017లోనే నిషేధించినది.

ఆలస్యమును కొలుచుట ఉన్నత పాఠశాలలో సులభసాధ్యము. ఏదైన ప్రత్యక్ష ప్రసారము జరుగునప్పుడు ఒకే గదిలో డిష్ టెలివిజనును, ఒక ఫోనును ఉంచవలెను. బ్యాటు బంతిని తాకు క్షణమును గురుతుగా పెట్టుకొని, టెలివిజనులో కనబడినప్పుడు ఒక విద్యార్థి స్టాప్ వాచిని నడిపింపగా, ఫోనులో కనబడినప్పుడు ఆపవలెను. పది బంతులకు పది కొలతలు తీసి సగటును, మిక్కిలి పెద్ద చిన్న విలువలను వ్రాయవలెను. మనుష్యుని చేయి స్పందించుటకు పట్టు కాలము సెకండులో ఐదవ వంతు మాత్రమే కావున ఇరువది సెకండ్ల కొలతలో ఆ దోషము లెక్కింపదగినది కాదు. పిమ్మట మరొక ఫోను చేర్చిన, రెండు ఫోన్లును ఒకే అంకెను చూపుట అరుదు. ఒక ఫోనును కొన్ని సెకండ్లు విమానపు గుర్తు నొక్కి మరల కలిపి చూడవలెను. తెరపై చక్రము తిరుగకున్నచో దాచిన నిల్వ ఆ లోటును పూడ్చినదన్నమాట. తిరిగినచో, తరువాతి వరుసలోని ఆలస్యము అంతమేర పెరిగి పట్టికలో కనబడును.