ధమని గోడలో కొలాజెన్: ఇరుకుదనం, రక్షణ

ధమనీ కాఠిన్యం అనగానే రక్తనాళంలో కొవ్వు పేరుకొని దారి ఇరుకు కావడమే స్ఫురిస్తుంది. అయితే గుండెపోటు ముప్పును నిర్ణయించేది ఇరుకుదనం ఒక్కటే కాదు. ధమని గోడలోని సంయోజక కణజాల ప్రోటీన్ల స్థితి, ముఖ్యంగా కొలాజెన్ స్థితి, అంతే కీలకమైనది.

ధమని గోడలో మూడు పొరలుంటాయి. మధ్యపొరలో సమృద్ధిగా ఉండే ఎలాస్టిన్ వల్ల ధమని ప్రతి గుండె స్పందనకూ సాగి, తిరిగి యథాస్థితికి వస్తుంది. ఆ సాగుదలకు హద్దు ఏర్పరచి, గోడ చిట్లకుండా కాపాడేది కొలాజెన్. దీని అణువు మూడు పేటలు పెనవేసిన తాడు వంటిది. ఈ త్రిసర్పిల నిర్మాణాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు.

రక్తంలోని ఎల్‌డీఎల్ కొలెస్టరాల్ లోపొరలో చేరినప్పుడు అక్కడ ఇన్‌ఫ్లమేషన్ మొదలవుతుంది. స్థూలభక్షక కణాలు ఆ కొవ్వును మింగి పోగుపడతాయి. మధ్యపొర నుండి వలస వచ్చిన నునుపు కండర కణాలు ఒకటవ, మూడవ రకాల కొలాజెన్‌ను తయారుచేసి, కొవ్వు ముద్దపై పీచుతో కూడిన కప్పును నిర్మిస్తాయి. ఈ కప్పు నాళాన్ని కొంత ఇరుకు చేసినప్పటికీ, కొవ్వు రక్తానికి తగలకుండా అడ్డుగా నిలుస్తుంది.

కానీ ఈ కప్పు శాశ్వతమైన కట్టడం కాదు. టి-కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్-గామా కొలాజెన్ తయారీని తగ్గిస్తుంది. స్థూలభక్షక కణాలు స్రవించే మ్యాట్రిక్స్ మెటల్లోప్రోటీనేజ్ ఎంజైములు ఉన్న కొలాజెన్‌ను ఛేదిస్తాయి. తయారీ కంటే విచ్ఛేదనం మించినప్పుడు కప్పు పలుచబడుతుంది. గుండె ధమనులలో 65 మైక్రోమీటర్ల కంటే పలుచనైన కప్పును చిట్లే ప్రమాదమున్నదిగా సాధారణంగా పరిగణిస్తారు. కప్పు చిట్లితే లోపలి పదార్థం రక్తానికి తగిలి, రక్తం గడ్డకట్టి, ప్రవాహం హఠాత్తుగా నిలిచిపోవచ్చు. అన్ని గుండెపోట్లూ ఇలాగే రావు గాని, అధిక భాగానికి మూలం ఇదే.

కాబట్టి యాంజియోగ్రామ్‌లో స్వల్పంగా కనిపించిన ఇరుకు సైతం ప్రాణాంతకం కావచ్చు. దళసరి కప్పు గల పెద్ద ఇరుకు ఏళ్ల తరబడి చిట్లకుండా ఉండవచ్చు. స్టాటిన్ మందులు ఇరుకును తగ్గించేది కొద్దిగానే అయినా, గుండెపోట్లను గణనీయంగా తగ్గిస్తాయి. ఎల్‌డీఎల్ తగ్గి, ఇన్‌ఫ్లమేషన్ శమించి, కప్పు బలపడటం ఇందుకు ఒక ముఖ్య కారణం. ‘అడ్డంకి తక్కువే’ అన్న మాటను భరోసాగా తీసుకొని రోగి తనంతట తాను మందులు మానివేయడం, పొగతాగడం కొనసాగించడం ఎందుకు తగదో దీన్నిబట్టి స్పష్టమవుతుంది.