విశ్వవిద్యాలయముల జమాఖర్చులు

సంసారము నడుపు ఇల్లాలు బియ్యమునకు, పిల్లల చదువునకు, పండుగకు వేరువేరుగ ధనము కట్టి యుంచును. చదువు మూట విప్పి పండుగ జరిపినచో ఆ నెల లెక్క సరిపోయినట్లే కనబడును. పరీక్ష రుసుము చెల్లింపవలసిన నాడు గాని లోటు బయటపడదు. విశ్వవిద్యాలయముల జమాఖర్చులును ఇట్టివే.

వీని ఆదాయమునకు ముఖ్యమార్గములు మూడు. మొదటిది ప్రభుత్వపు గ్రాంటు. రాష్ట్ర విశ్వవిద్యాలయములకు రాష్ట్ర ప్రభుత్వము గ్రాంటు నిచ్చును. 1953లో ఏర్పడి 1956లో చట్టబద్ధమైన విశ్వవిద్యాలయ నిధుల సంఘమును కొన్ని పనులకు ధనసహాయము చేయుచు వచ్చినది. రెండవది విద్యార్థులును, అనుబంధ కళాశాలలును చెల్లించు రుసుములు. మూడవది పరిశోధనలకు వచ్చు ధనము, దాతల విరాళములు. 1926లో నెలకొన్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు జయపుర మహారాజు విక్రమదేవవర్మ ఏటేట లక్ష రూపాయలు ఒసగిన సంగతి శ్రోతలలో పెక్కురు వినియే యుందురు.

ఉద్యోగుల జీతములు, పింఛనులు ఆపరానివి. గ్రాంటు ఆలస్యమైనచో, పరిశోధనకో, విద్యార్థి బహుమతులకో ప్రత్యేకించిన నిధిని వానికి మళ్లింపవలెనను ఆలోచన పుట్టును. అట్లు మళ్లించినను పట్టికలో రెండు వైపుల మొత్తములు సమానముగనే నిలుచును. కాని ప్రయోగశాలలో రసాయనములు నిండుకొనును. గ్రంథాలయమునకు పత్రికలు ఆగిపోవును. నష్టపడువాడు ఆ యేడు చదువుచున్న విద్యార్థి. అతనికి ఆ సంవత్సరము మరల రాదు.

కావున లెక్కలు చూచువారు మొత్తములతో తృప్తిపడక మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఏ పనికి వచ్చిన ధనము ఆ పనికే వ్యయమైనదా? సంవత్సరాంతమున మిగిలినది ఏ ఖాతాలో నున్నది? ఆడిటరు తెలిపిన ఆక్షేపణలకు సమాధానము వచ్చినదా, లేక అవి ఏండ్ల తరబడి నిలిచియున్నవా?

ఈ ప్రశ్నలకు చట్టము అండగా నున్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టము నాలుగవ సెక్షను ననుసరించి ప్రభుత్వ సంస్థలు తమ బడ్జెటును, వ్యయ నివేదికలను ఎవరును అడుగకమునుపే ప్రకటింపవలెను. ప్రభుత్వ విశ్వవిద్యాలయములును ఇందుకు బద్ధములు. అట్లు ప్రకటింపనిచో ఏ పౌరుడైనను దరఖాస్తు పెట్టవచ్చును. సాధారణముగా 30 దినములలో సమాధాన మీయవలెను.

లెక్క చెప్పుటలో విద్యాలయమునకు చిన్నతనము లేదు. అడుగుటలో తల్లిదండ్రులకు అపరాధము లేదు. పిల్లవాని రుసుము రసీదు భద్రముగ దాచుకొను ప్రతి యింటివారికిని ఆ జమాఖర్చుల పట్టికను చదువు హక్కు కలదు.