ఏ అభ్యర్థన సందర్భము దానిదే

పరీక్షాఫలితములు వెలువడిన దినమున వెబ్ సర్వరుపై వేలకొలది అభ్యర్థనలు ఒక్కసారిగా వచ్చి పడును. ఒక బాలిక 101 అను తన హాల్ టికెట్టు సంఖ్యను పంపినది. మరుక్షణమే వేరొక ఊరి బాలుడు 102 పంపినాడు. బాలిక తెరపై బాలుని మార్కులు కనబడినవి! యంత్రము చెడలేదు, లెక్క తప్పలేదు. సంఖ్యను దాచిన చోటు మంచిది కాదు.

ప్రోగ్రాము వ్రాసినవాడు ఆ సంఖ్యను అందరికి ఉమ్మడియైన ఒకే చలరాశిలో ఉంచినాడు. 101 అందులో చేరినది. మార్కుల పట్టికనుండి జవాబు వచ్చులోపల సర్వరు ఊరకుండక రెండవ అభ్యర్థనను చేపట్టినది. 101 చెరిగి 102 నిలిచినది. మొదటి పని తిరిగి సాగినపుడు అక్కడ కనబడినది 102. ఒంటరిగా పరీక్షించి చూచినపుడు ఈ దోషము బయటపడదు. రద్దీనాడే పడును.

సంఖ్యను ఒక ఫంక్షను నుండి మరొకదానికి చేతికందించుచు పోవుట ఒక ఉపాయము. కాని పది ఫంక్షనులున్నచో, నడుమనున్న ఎనిమిది తమకక్కరలేని బరువును మోయవలసి వచ్చును. అందుచేత ఫ్రేము వర్కులు వేరుమార్గము త్రొక్కినవి. ఆర్మిన్ రోనాకర్ 2010లో వెలువరించిన ఫ్లాస్కు అను పైథాన్ ఫ్రేము వర్కు ప్రతి అభ్యర్థనకు ఒక ప్రత్యేక సందర్భమును కల్పించును. ప్రోగ్రాములో ‘రిక్వెస్ట్’ అను పేరు అన్నిచోట్ల ఒక్కటే. అది సూచించు వస్తువు మాత్రము వేరు. తరగతిలో నలుబదిమంది పిల్లలును ‘నా పలక’ అందురు గదా! మాట ఒకటే, పలకలు నలుబది.

ఈ సందర్భమును అవసరమునుబట్టి మలచుకొనవచ్చును. అభ్యర్థన రాగానే నడచు ఫంక్షను ఒకటి వ్రాసి, వచ్చినవారెవరు, ఏ భాష కోరిరి అను సంగతులను ‘జి’ అను సంచిలో ఉంచవచ్చును. పని ముగియగానే ఆ సంచి పోవును. ముగింపు ఫంక్షనులో డేటాబేసు సంబంధమును మూసివేయవచ్చును. నడుమ దోషము తటస్థించినను అది నడచును. అంతకుమించి కావలెనన్నచో రిక్వెస్టు తరగతినుండి ఒక ఉపతరగతిని నిర్మించి, హాల్ టికెట్టు సంఖ్యను సరిచూచు గుణమును దానికే చేర్చవచ్చును. అయితే దొరికినదెల్ల ఆ సంచిలో కుక్కువారును కలరు. అప్పుడు ఏ ఫంక్షనుకు ఏమి కావలెనో దాని ముఖము చూచి చెప్పలేము, పరీక్షించుటయు కష్టమే.

తొలిదినములలో థ్రెడ్డును గుర్తుగా గొని సందర్భములను వేరుపరచెడివారు. ఒకే థ్రెడ్డు పలు అభ్యర్థనలను మార్చిమార్చి నడపు పద్ధతి వచ్చిన పిమ్మట ఆ గుర్తు చాలలేదు. 2018లో వెలువడిన పైథాన్ 3.7 సందర్భచలరాశులను ప్రవేశపెట్టినది. ఫ్లాస్కు నేడు వాడునది వీనినే. అయినను ప్రోగ్రాము తానుగా మరొక థ్రెడ్డును ప్రారంభించినచో సందర్భము దానివెంట పోదు. అక్కడ ‘రిక్వెస్ట్’ అని పిలిచినచో, ఇతరుల మార్కులు రావు. సందర్భము లేదని దోషము చూపి పని ఆగిపోవును.