కంప్యూటర్ ఫోరెన్సిక్ దర్యాప్తు: శిక్షణ ధ్రువపత్రమే సామర్థ్యానికి కొలమానం కాదు

కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు, హార్డ్ డిస్కులలోని సమాచారం నేర పరిశోధనలో కీలక సాక్ష్యంగా మారిన నేపథ్యంలో, దానిని వెలికితీసే నిపుణుల సామర్థ్యాన్ని మదింపు చేయడం దర్యాప్తు సంస్థల ముఖ్య బాధ్యతగా పరిణమించింది. నిపుణుని పొరపాటు వల్ల నిర్దోషికి శిక్ష పడవచ్చు, దోషి తప్పించుకోవచ్చు.

ఫ్లోరిడా కేసు నేర్పిన పాఠం

అమెరికాలోని ఫ్లోరిడాలో 2011లో జరిగిన కేసీ ఆంథొనీ హత్య కేసు విచారణ ఇందుకు ఉదాహరణ. నిందితురాలి ఇంటి కంప్యూటర్‌లో క్లోరోఫామ్‌కు సంబంధించిన వెబ్‌పేజీని 84 సార్లు చూసినట్లు ఒక సాఫ్ట్‌వేర్ నివేదిక ఆధారంగా న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పారు. నిజానికి ఆ పేజీని చూసింది ఒక్కసారేనని, 84 అన్న సంఖ్య మరో వెబ్‌సైట్‌కు చెందినదని ఆ సాఫ్ట్‌వేర్ రూపకర్తే అనంతరం గుర్తించారు. అంతకుముందు వేరొక సాఫ్ట్‌వేర్‌తో జరిపిన పరీక్షలోనూ ఒక్కసారి అనే తేలింది. మరణశిక్ష విధించాలని ప్రాసిక్యూషన్ కోరిన కేసులో ఇది జరగడం గమనార్హం.

చట్టం ఏమంటోంది?

సమాచార సాంకేతిక చట్టం-2000కు చేసిన సవరణ 2009 అక్టోబర్ 27న అమలులోకి వచ్చింది. దీని ద్వారా చేర్చిన 79ఎ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని పరీక్షించే సంస్థలను కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డుతో సమర్పించే ధ్రువపత్రంపై కంప్యూటర్ బాధ్యుడితో పాటు నిపుణుడు కూడా సంతకం చేయాలి. అయితే ఆ నిపుణునికి ఉండవలసిన అర్హతలను ఆ సెక్షన్ పేర్కొనలేదు. కనుక వ్యక్తిగత సామర్థ్యాన్ని నిర్ధారించే భారం ప్రయోగశాలలపైనా, అంతిమంగా న్యాయస్థానాలపైనా ఉంటుంది.

మదింపు ఎలా?

ప్రయోగశాలలకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 ప్రకారం, ప్రతి పనికీ కావలసిన విద్యార్హత, శిక్షణ, అనుభవాలను ముందుగా నిర్దేశించాలి. పర్యవేక్షణలో పనిచేయించి, సామర్థ్యం రుజువైన తరువాతే ఆ పనికి అధికారమివ్వాలి. ఆపైన కూడా పనితీరును గమనిస్తూ ఉండాలి.

ఇందుకు మేలైన మార్గం, ఏయే ఫైళ్లున్నాయో పరీక్షకులకు ముందే తెలిసిన డిస్కును అభ్యర్థికి ఇచ్చి పరిశీలించడం. ఇందులో గమనించవలసిన ప్రధానాంశాలు:

* అసలు డిస్కుపై ఏమీ రాయబడకుండా రైట్ బ్లాకర్ అమర్చారా?
* అసలు డిస్కు, నకలుల హాష్ విలువలు సరిపోలాయా? ఒక్క అక్షరం మారినా ఈ విలువ మారిపోతుంది.
* ముఖ్యమైన ఫలితాన్ని మరో సాఫ్ట్‌వేర్‌తో సరిచూశారా?
* సాక్ష్యం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఎప్పుడు మారిందో నమోదు చేశారా?
* తేలిన విషయాన్నీ, తేలనిదాన్నీ నివేదికలో విడివిడిగా తెలిపారా?

ఒక సాఫ్ట్‌వేర్ వినియోగంలో పొందిన ధ్రువపత్రం, ఆ సాఫ్ట్‌వేర్‌ను నడపగలరనే తెలుపుతుంది. అది చూపిన సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో క్రాస్ ఎగ్జామినేషన్‌లో వివరించగలగడమే నిజమైన సామర్థ్యం. సాఫ్ట్‌వేర్లు, ఫోన్లు తరచూ మారుతున్నందున శిక్షణతో పాటు మదింపు కూడా నిరంతరం కొనసాగవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.