చోరీ సొత్తు దొరికితే సరిపోతుందా?

ఇళ్లలో దొంగతనాన్ని కళ్లారా చూసిన సాక్షి అరుదు. అందుకే శిక్ష చాలాసార్లు దొరికిన సొత్తు మీదే నిలుస్తుంది. అప్పీలులో వీగిపోయేదీ తరచుగా అక్కడే. దొంగతనం జరిగిన కొద్దికాలానికే ఆ సొత్తు ఒకరి వద్ద ఉండి, ఎలా వచ్చిందో అతను చెప్పలేకపోతే, అతనే దొంగ అనో, దొంగసొత్తని తెలిసే తీసుకున్నాడనో కోర్టు భావించవచ్చు. 1872 నాటి సాక్ష్య చట్టం 114వ సెక్షన్‌లోని ఈ సూత్రం 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం 119వ సెక్షన్‌లో ఉంది. అయితే కోర్టు అలా భావించి తీరాలన్న నిర్బంధం లేదు.

ముందు సొత్తు నిందితుడి స్వాధీనంలోనే ఉందని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. అసలు చిక్కంతా ఇక్కడే. త్రింబక్ అనే నిందితుడి కేసులో నగలు దొరికింది అందరూ వెళ్లగలిగే పొలంలో. చోటు చూపినంత మాత్రాన అవి అతని స్వాధీనంలో ఉన్నట్టు కాదంది సుప్రీంకోర్టు. పోలీసులకు నిందితుడు చెప్పిన మాటల్లోనూ, వస్తువు బయటపడటానికి నేరుగా దారితీసిన భాగమే సాక్ష్యం. దీన్ని తేల్చింది మద్రాసు ప్రావిన్స్ నుంచి ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లిన పులుకూరి కొట్టయ్య కేసు.

‘కొద్దికాలం’ అంటే ఎంతో చట్టం చెప్పలేదు. నగదు త్వరగా చేతులు మారుతుంది, నగలు అలా కాదు. 1983లో ఈరభద్రప్ప కేసులో ఏడాది వ్యవధినీ సుప్రీంకోర్టు ఎక్కువనుకోలేదు.

సొత్తు తమదేనని యజమానులు ఆనవాళ్లతో గుర్తుపట్టాలి. పంచనామా సాక్షులు ఎదురుతిరిగినా, దర్యాప్తు అధికారి సాక్ష్యం నమ్మదగినదైతే రికవరీ నిలవవచ్చు. చొరబాటు రుజువు కాకపోయినా, దొంగసొత్తని తెలిసే ఉంచుకున్నట్టు తేలితే అప్పీలు కోర్టు ఆ నేరానికే శిక్షను పరిమితం చేయవచ్చు.