మీకు తెలుసా? హెర్మిట్ పీతకు ఇసుకలో తడే ప్రాణం

కరీబియన్ తీరాల నుంచి పెంపుడు జీవిగా ఇళ్లకు చేరిన హెర్మిట్ పీత నేలమీదే బతుకుతుంది, కానీ ఊపిరికి మాత్రం మొప్పలు కావాలి. అవి ఎండితే ఊపిరాడదు. అందుకే తొట్టెలో గాలి తేమ 75–85 శాతం ఉండాలి.

తొట్టె అడుగున పరిచేందుకు అయిదు పాళ్ల ఇసుకకు ఒక పాలు కొబ్బరి పొట్టు కలిపి, క్లోరిన్ లేని నీళ్లతో తడపండి. గుప్పిట్లో పిసికితే పిచ్చుకగూడు ఇసుకలా ముద్ద నిలవాలి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. లోతు కనీసం 15 సెంటీమీటర్లు. కుబుసం విడవడానికి పీత అందులోనే గుంత తవ్వుకుని వారాలు, పెద్దదైతే నెలల తరబడి దాగుంటుంది. విడిచిన కుబుసాన్నే తిని పుంజుకుంటుంది. ఇసుక ఎండితే ఆ గుంత కూలిపోతుంది. అడుగున నీరు నిలిచినా అంతే ప్రమాదం. చచ్చిపోయిందేమోనని దయచేసి తవ్వకండి: ఒళ్లు మెత్తగా ఉన్నప్పుడు కదిలిస్తే బతకడం కష్టం.