మూకుడులో మిగిలిన నూనె

రమజాన్ సాయంత్రాల్లో తణుకు ఇళ్ళలో సమోసాలు, పకోడీలు వేయించాక మూకుడు అడుగున కొంత నూనె మిగులుతుంది. పారబోయడానికి మనసొప్పదు, వృథా చేయరాదన్న మాట మనకు చిన్ననాటి నుండే తెలుసు. అందుకే దానిని వడగట్టి మరునాటి ఇఫ్తార్‌కు మళ్ళీ పొయ్యిమీద పెడతాం. ఈ పొదుపు రక్తనాళాలకు భారమవుతుంది.

2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాదిపాటు సంభవించిన మరణాల కారణాలను పరిశోధకులు విచారించారు. గుండె, రక్తనాళాల వ్యాధుల వాటా 32 శాతం. అంటువ్యాధుల వాటా 12 శాతమే. కాయకష్టం చేసే పల్లెవారికి గుండెజబ్బు రాదన్న నమ్మకం మన డెల్టాలో ఇక చెల్లదు.

రక్తనాళపు లోపలి గోడకు ఒకే వరుస కణాలతో ఏర్పడిన పలుచని పొర ఉంటుంది. ఎక్కడైనా దెబ్బతింటే పక్క కణాలు జరిగి, విభజన చెంది ఆ ఖాళీని పూడుస్తాయి. కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ రేణువులు ఆక్సీకరణ చెంది పాడైతే ఈ మరమ్మతు కుంటుపడుతుంది. అదే సమయంలో పొర కింది కండర కణాలు మితిమీరి పెరుగుతాయి. పెరగవలసినవి ఆగిపోతాయి, ఆగవలసినవి పెరుగుతాయి! భక్షక కణాలు ఆ పాడైన కొవ్వును మింగి, ఉబ్బి, అక్కడే పేరుకుపోతాయి. నాళం ఇరుకవుతుంది.

ఎల్‌డీఎల్ చాలావరకు నాళపు గోడలోనే పాడవుతుంది. అయితే వేడికి ఆక్సీకరణ చెందిన కొవ్వు ఆహారంతో కూడా లోపలికి చేరుతుంది. 1987లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన భారతీయుల నేతిలో ఆక్సీకృత కొలెస్ట్రాల్‌ను గుర్తించింది. తాజా వెన్నలో అది కనిపించలేదు. విదేశాల్లో స్థిరపడిన భారతీయుల గుండెజబ్బులకు ఇది ఒక కారణం కావచ్చునని సూచించింది. నేతిని నిందించడం తొందరపాటే. తాజాగా కాచిన నేతిలో ఇవి స్వల్పమనీ, దానిలో వేపుళ్ళు చేసినప్పుడు పెరుగుతాయనీ తరువాతి పరిశోధనలు తేల్చాయి.

నూనె ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని చూసి నిశ్చింత పడేవారున్నారు. ఏ మొక్కల నూనెలోనూ అది చెప్పుకోదగినంత ఉండదు. కానీ మళ్ళీమళ్ళీ కాగిన నూనెలోని కొవ్వు కూడా ఆక్సీకరణ చెందుతుంది. అందుకే వాడిన నూనెలో ధ్రువ సమ్మేళనాలు 25 శాతం మించరాదన్న నిబంధన 2018 జులై 1 నుండి దేశమంతటా అమలైంది. విటమిన్ ఇ మాత్రలతో ఈ నష్టాన్ని పూడ్చవచ్చుననుకుంటే, 2000లో వెలువడిన హోప్ పరీక్షలో అవి గుండెపోట్లను తగ్గించలేదు.

వంటింట్లో ఆ శాతాన్ని కొలిచే పరికరం ఉండదు. నూనె నల్లబడినా, జిగటగా మారినా, త్వరగా పొగ లేచినా దాని పని అయిపోయినట్టే. చిన్న మూకుడు పెడితే మిగిలేదే తక్కువ. ఒకసారి వేయించాక మిగిలిన కాస్త నూనెను వడగట్టి, ఒకటి రెండు రోజుల్లో కూర తాలింపులకు వాడేస్తే సరిపోతుంది.